రెండో పేరు

పోర్టల్‌లో బిడ్ల జాబితా తెరిస్తే ఒక్కటే పేరు కనిపించింది. అదీ తనదే.

ప్రేమ్‌సాగర్ కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. నెట్ సరిగ్గా లేక పేజీ సగమే వచ్చిందేమోనని మళ్లీ తెరిచాడు. సాగర్ ఎలక్ట్రికల్స్, నార్కట్‌పల్లి. దాని కింద ఏమీ లేదు.

హైవే మీది లారీల దుమ్మంతా వచ్చి పడే చౌరస్తా వరుసలో అతని షాపు. ముందు గదిలో వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు అమ్ముతాడు కానీ ఇల్లు గడిచేది వెనక గదిలోని కంప్యూటర్ మీద. కృష్ణ నీళ్లను ఎత్తిపోసి ఊళ్లకు పంపే తాగునీటి విభాగాన్ని అందరూ నీళ్ల ఆఫీసు అనే అంటారు. పంపుహౌసుల కోసం దానికి ఏటా కేబుళ్లు, స్టార్టర్లు, కాంటాక్టర్లు, కెపాసిటర్లు కావాలి. ఆఫీసు టెండర్ పిలుస్తుంది, వ్యాపారులు రేట్లు వేస్తారు, అందరికన్నా తక్కువ వేసినవాడికి ఆర్డర్ పోతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చిన్న టెండర్లకు హైదరాబాద్ పెద్ద కంపెనీలు రావు. అప్పుడప్పుడు ఎవరో ఒక మూడోవాడు వచ్చి పోయేవాడు. ఎనిమిదేళ్లుగా తప్పకుండా ఉండేవి రెండే పేర్లు. ఒకటి సాగర్ ఎలక్ట్రికల్స్. రెండోది గుర్వమ్మ ఎలక్ట్రికల్స్, మహబూబ్‌నగర్.

గుర్వమ్మ అంటే మల్లికార్జున్ తల్లి. ఆమె చేతి జొన్నరొట్టె ప్రేమ్‌సాగర్ ఎన్నోసార్లు తిన్నాడు.

ఇద్దరూ నల్గొండ ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ప్రేమ్‌సాగర్ తండ్రి మైసయ్య ఊళ్లో వాళ్ల పొలాల్లో కూలి చేసి కొడుకును చదివించాడు. మల్లికార్జున్‌ది మక్తల్ పక్క పల్లె, గొర్లు కాసే కుటుంబం. మేనమామ ఇంట్లో ఉండి చదువుకోవడానికి అంత దూరం నుంచి వచ్చాడు. చదువయ్యాక పదేళ్లు ఇద్దరూ కలిసి వైరింగ్ పనులు చేశారు. ఒకడు నిచ్చెన పట్టుకుంటే ఇంకొకడు ఎక్కేవాడు. తర్వాత ఈ షాపునే కిరాయికి తీసుకున్నారు. అప్పట్లో బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉండేవి.

రాష్ట్రం వచ్చిన మరుసటి సంవత్సరం వానాకాలంలో అది చెడింది. దేవరకొండ దగ్గర ఒక పంపుహౌసుకు నాలుగు డ్రమ్ముల కేబుల్ ఇచ్చారు. హైదరాబాద్ డీలర్ దగ్గర మాట్లాడి సరుకు తెచ్చింది మల్లికార్జున్. తనిఖీకి ముందురోజు సాయంత్రం ప్రేమ్‌సాగర్ ఊరికే ఒక ముక్క కోసి గేజ్ పెట్టి చూస్తే తీగ సన్నగా ఉంది. డ్రమ్ము మీద రాసిన సైజు వేరు, లోపల ఉన్నది వేరు. మల్లికార్జున్ తెలిసే తెచ్చాడని అతనికి అనుమానం పడింది. అడగలేదు. ఆ రాత్రి పంపుహౌసు వరండాలో ఇద్దరూ ఒకే గొంగడి కప్పుకొని పడుకున్నారు. తెల్లారి ఇంజినీరు వచ్చి, సరుకు శాంపిల్ ప్రకారమే ఉంది కదా అని మాటవరసకు అడిగాడు. లేదని ప్రేమ్‌సాగర్ అందరి ముందూ చెప్పేశాడు.

సరుకు వాపసు పోయింది. ధరావతు పోయింది. ఆ ఫర్మును రెండేళ్లు టెండర్లలోకి రానివ్వలేదు. మల్లికార్జున్ తిట్టలేదు, కొట్లాటకు దిగలేదు. షాపు ముందు నిలబడి ఒక్క మాట అన్నాడు.

"రాత్రి నా పక్కపొంటి పండినవ్ గద సాగర్. గప్పుడు చెప్పకపోతివి."

ఆ డీలర్ మల్లికార్జున్‌ను కూడా మోసం చేశాడని ఆరు నెలలకు తెలిసింది. అప్పటికి అతను భార్యాబిడ్డలను తీసుకొని మహబూబ్‌నగర్ వెళ్లి వేరే షాపు పెట్టుకున్నాడు. తను చెప్పింది నిజమే కదా అనుకున్నాడు ప్రేమ్‌సాగర్. నిజం చెప్పినందుకు పోయి తప్పయిందని ఎట్లా అంటారు? అనాల్సింది నిజం చెప్పినందుకు కాదని అతనికి లోపల తెలుసు. అయినా పోలేదు. ఒక సంవత్సరం గడిచాక పోవడం కష్టమనిపించింది. రెండు మూడు గడిచాక ఏ ముఖం పెట్టుకొని పోవాలో తెలియలేదు.

మళ్లీ కలిసింది టెండర్లలోనే. మొదట్లో చిన్న వాటికి సీల్డు కవర్లు ఉండేవి. ఆఫీసు హాల్లో పెట్టె తెరిచేటప్పుడు ఇద్దరూ రెండు కుర్చీల ఎడంతో కూర్చునేవాళ్లు. ఒకరి రేట్లు ఒకరు విని, ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఒకసారి కవర్లు చదువుతుండగా హాల్లో కరెంటు పోయింది. ఇద్దరూ ఒకేసారి లేచి ఫ్యూజు బోర్డు దగ్గరికి నడిచారు. మల్లికార్జున్ ఫోన్ లైటు పట్టాడు, ప్రేమ్‌సాగర్ తీగ చుట్టి ఫ్యూజు పెట్టాడు. లైట్లు వెలిగాయి. ఇద్దరూ వచ్చి మళ్లీ రెండు కుర్చీల ఎడంతో కూర్చున్నారు. తర్వాత టెండర్లన్నీ ఆన్‌లైన్ అయ్యాక మనిషి కనిపించడం కూడా పోయింది. మిగిలింది తెర మీద పేరు, ఆ పేరు ఎదురుగా రేట్లు.

ఆ రేట్లను ప్రేమ్‌సాగర్ ఉత్తరం చదివినట్టు చదివేవాడు. మల్లికార్జున్ నిండు అంకె వేయడు. అతని ప్రతి రేటు చివరా ఏడు ఉంటుంది, అది ఐటీఐ రోజుల నుంచి ఉన్న నమ్మకం. కేబుల్ కొసలకు బిగించే లగ్గుల రేటు బాగా తక్కువ వేస్తే పాత సరుకు మిగిలిపోయిందని, కేబుల్ రేటు ఎక్కువ వేస్తే చేతిలో పెట్టుబడి ఆడటం లేదని ఇక్కడ కూర్చునే అంచనా కట్టేవాడు. గెలిచిన రోజు కన్నా ఐదారు రూపాయల తేడాతో ఓడిన రోజు అతనికి ఎక్కువ హుషారుగా ఉండేది. ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి లేడు. భార్య స్వర్ణ హైదరాబాద్‌లో దవాఖాన నర్సు. కొడుకు చదువు కోసమని అక్కడ ఇల్లు తీసుకుంది, చదువు అయిపోయినా అక్కడే ఉండిపోయింది. ఫోన్ చేస్తే గ్యాస్ బుక్ చేశావా, బీపీ గోళీ వేసుకున్నావా అని అడుగుతుంది. తగువు ఏమీ లేదు. కలిసి ఉండే అలవాటు తప్పిందంతే.

రెండు రోజులకు నీళ్ల ఆఫీసు టెండర్ సెక్షన్ నుంచి మంజులత ఫోన్ చేసింది. ఒక్కటే బిడ్డు వస్తే రద్దు చేసి మళ్లీ పిలవాలని, ఇంకో పద్నాలుగు రోజులు గడువు ఇస్తున్నారని చెప్పింది. పెట్టేసే ముందు, ఎప్పుడూ వేసే మహబూబ్‌నగర్ వాళ్లు ఈసారి ఎందుకు వేయలేదని అడిగింది. తెలియదన్నాడు. ఫోన్ పెట్టాక ఆ ప్రశ్న చాలాసేపు అతన్ని వదల్లేదు. తన ఇంటి మనిషి గురించి తనను అడిగినట్టే అడిగింది ఆమె.

నల్గొండ డీలర్ ఒకాయన ఉపాయం చెప్పాడు. బావమరిది పేరున ఇంకో బిడ్డు వేయించి రేటు కొంచెం పైన పెట్టిస్తే రెండు అయిపోతాయి, అందరూ చేసేదేనన్నాడు. ప్రేమ్‌సాగర్ వద్దన్నాడు. పట్టుబడతాననే భయం ఒకటి. దాని కన్నా, ఆ రెండో వరుసలో ఇంకెవరి పేరో పెట్టించడానికి అతనికి మనసు ఒప్పలేదు.

ఆ పద్నాలుగు రోజులూ రేట్లు మళ్లీ కట్టాడు. మల్లికార్జున్ ఎంత వేస్తాడు అన్న దగ్గరే లెక్క మొదలుపెట్టడం అతని అలవాటు. ఈ కేబుల్ మీటరుకు నూట అరవై ఏడు వేస్తాడు, అయితే మనం అరవై నాలుగు. గడువు తీరిన సాయంత్రం టీ కూడా తాగకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మళ్లీ ఒక్కటే పేరు వచ్చింది.

రెండోసారి కూడా ఒక్కడే వస్తే పైఅధికారుల అనుమతితో ఆర్డర్ ఇవ్వవచ్చు. కొంత తగ్గించమని ఆఫీసు వాళ్లు అడిగితే తగ్గించాడు. ఎండాకాలానికి ముందు ఇంత పెద్ద ఆర్డర్ అతనికి ఎన్నడూ రాలేదు. స్వర్ణకు చెబితే మంచిదే కదా అంది. మంచిదేనని అతనూ అన్నాడు.

సరుకును మక్తల్ దగ్గరి పంపుహౌసులో అప్పగించాలి. మామూలుగా ట్రాన్స్‌పోర్టులో వేసి పంపించేవాడు. ఈసారి స్టార్టర్లు, కాంటాక్టర్ల డబ్బాలు, కేబుల్ చుట్టలు తన పికప్ బండిలోనే ఎక్కించుకొని తెల్లవారగానే బయలుదేరాడు. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల. కంది కోత అయిపోయి చేలన్నీ బోడిగా ఉన్నాయి. దారిలో ఎక్కడా ఆగలేదు. మహబూబ్‌నగర్ చేరేసరికి పదకొండు దాటింది.

గడియారం చౌరస్తా వెనక సందులో ఆ షాపు ఉంటుందని ఏళ్ల కిందే విన్నాడు. ఇంతకుముందు రెండుసార్లు ఆ సందు మొదలుదాకా వచ్చి తిరిగిపోయాడు కూడా. ఈసారి లోపలికి నడిచాడు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కౌంటర్ వెనక ఉన్న యువకుడిని పాత షాపు గురించి అడిగితే, ఆ అమ్మ పోయిన దసరాకు ఖాళీ చేసిందని, ఊర్లో గొర్లు చూసుకుంటోందని చెప్పాడు.

"అమ్మ గాదు. మల్లికార్జున్ సార్ సంగతి అడుగుతున్న," అన్నాడు ప్రేమ్‌సాగర్.

అతను ఒకసారి తేరిపార చూశాడు. "సార్ కరోనాల పోయిండు గద. నాలుగేండ్లాయె."

అతను ఇంకా ఏదో చెప్పాడు. రెండో విడతలోనట, దవాఖానలో ఐదు రోజులే ఉన్నాడట. ఇంతలో ఎవరో వచ్చి ఫోన్ కవర్లు చూపించమంటే అటు తిరిగాడు. ప్రేమ్‌సాగర్ పక్కకు జరిగి వాళ్లకు చోటిచ్చాడు.

బండిలో కూర్చున్నాక నాలుగేళ్లను వెనక్కి తిప్పుకున్నాడు. ఈలోగా పదిహేను టెండర్ల పైనే అయ్యాయి. అన్నిటిలో ఆ పేరు ఉంది, అన్ని రేట్ల చివరా ఏడు ఉంది. వాటిని చూసి మల్లికార్జున్ కష్టాల్లో ఉన్నాడనుకున్నాడు. కొంచెం కోలుకున్నాడనుకున్నాడు. ఇప్పుడు సరుకు రాయచూరు నుంచి తెప్పిస్తున్నట్టుంది అనుకున్నాడు. ప్రతి బిడ్డుకూ జీఎస్టీ కాగితం, పాన్ కార్డు జతచేసి ఉంటాయి. ఒక్కసారి తెరిచినా యజమాని పేరు మారిన సంగతి కనిపించేదే. రేట్లు తప్ప అతను ఏదీ తెరవలేదు. డీలర్లలో చాలామందికి ఈ చావు తెలిసే ఉంటుంది. ప్రేమ్‌సాగర్ దగ్గర మల్లికార్జున్ పేరు ఎత్తకూడదని ఎవరికి వాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు. అట్లా నేర్పింది తనే.

మక్తల్ పంపుహౌసులో ఆపరేటర్ అంజన్న దగ్గరుండి సరుకు దింపించాడు. డబ్బాలు లెక్కపెట్టుకున్నారు, చలాను మీద సంతకాలు అయ్యాయి. స్టార్టర్ కాలిపోయి రెండో మోటారు ఇరవై రోజులుగా ఆగి ఉందని, పై పల్లెలకు రెండు రోజులకోసారే నీళ్లు వదులుతున్నామని అంజన్న చెప్పాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి సిద్ధంగా ఉన్నాడట, సాయంత్రానికి కొత్తది బిగిస్తారట. గుర్వమ్మ ఎలక్ట్రికల్స్ వాళ్ల ఊరు ఎటని అడిగితే వెంటనే దారి చెప్పాడు. రెండేళ్ల కింద ఒక ఆర్డర్ సరుకును ఆ అమ్మ విడతలుగా తానే బస్సులో తెచ్చిందని, ఒకసారి సీటు దొరకక కాంటాక్టర్ల డబ్బా నెత్తిన పెట్టుకొని నిలబడే వచ్చిందని తలచుకున్నాడు.

ఊరు అక్కడికి ఆరు కిలోమీటర్లు. గొర్లు మేతకు పోయాయి, తడికల దొడ్డిలో గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. మల్లికార్జున్ భార్య త్రివేణి రేకుల కింద కూర్చుని ఎండిన తుమ్మకాయలను బస్తాలోకి ఎత్తుతోంది. చివరిసారి చూసి పదేళ్లయింది. అయినా ఒకరినొకరు గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు.

"వచ్చినవా అన్నా, కూసో," అంది. ఎందుకు వచ్చావని కానీ, ఇన్నాళ్లకా అని కానీ అనలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా పేర్చుకొని వచ్చాడు. అవి నోట్లోంచి బయటికి రాకముందే ఆమే మొదలుపెట్టింది. చాలామందికి చాలాసార్లు చెప్పిన సంగతిలా తొందర లేకుండా చెప్పింది. దవాఖాన నుంచి మున్సిపాలిటీ వాళ్లే తీసుకుపోయారని, తనూ తన తమ్ముడూ దూరంగా నిలబడి చూశారని, ఆ రోజుల్లో ఎవరినీ రమ్మని పిలవలేదని చెప్పింది. ఇద్దరు ఆడపిల్లలు హాస్టళ్లలో ఉన్నారు. షాపులో సరుకు ఉంది. ఆ సరుకు అమ్ముడు పోవాలంటే టెండర్లు వేయక తప్పలేదు. ఏమీ తెలియకుండా ఎట్లా వేశానో చూడు అని లోపలికి పోయి ఒక సంచి తెచ్చింది.

సంచిలో పొడుగు పుస్తకాలు. మల్లికార్జున్ చేతిరాత. ఒక్కో టెండర్‌కు ఒక్కో పేజీ, సామాన్ల పేర్ల ఎదురుగా రెండు గళ్లు. ఒక దాని మీద 'మనది' అని ఉంది. రెండో దాని మీద 'సాగర్' అని ఉంది. రెండో గడిలో అంకెలు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. బిడ్లు తెరవకముందే, సాగర్ ఏ రేటు వేస్తాడో అనుకొని రాసుకునేవాడని త్రివేణి చెప్పింది. తెరిచాక సరిపోయిన చోట టిక్కు పెట్టేవాడట. ప్రేమ్‌సాగర్ పేజీలు తిప్పాడు. టిక్కులు చాలానే ఉన్నాయి.

"గివే ముంగట పెట్టుకొని ఏసిన," అంది త్రివేణి. "ఏడు ఎందుకేస్తడో నాకు తెల్వదు. ఆయన ఏసిండు గాబట్టి నేను గూడ ఏసిన."

అన్నిట్లో ఓడిపోయినా ఒక్క ఆర్డర్ వచ్చిందని చెప్పింది. రెండేళ్ల కిందటి చలికాలం. అప్పుడు ప్రేమ్‌సాగర్ రేట్లన్నీ పైకి వేశాడు. ఆ ఆర్డర్ డబ్బులతోనే పిల్లల ఫీజులు కట్టింది.

"సాగరన్న మనకోసం ఇడిసిపెట్టిండని మా తమ్మునికి చెప్పిన. రావడానికి మొఖం చెల్లకపోయినా గిట్ల చేసిండు అనుకున్న. చెప్పాలని నాకూ ఉండె అన్నా, ఇయ్యాలటికి కుదిరింది."

ప్రేమ్‌సాగర్‌కు ఆ టెండర్ బాగా గుర్తుంది. పన్ను కలపకుండా వేయాల్సిన గడిలో పద్దెనిమిది శాతం పన్ను కలిపిన రేట్లు కొట్టాడు. చేతికి వచ్చిన ఆర్డర్ పోగొట్టుకున్నానని వారం రోజులు తనను తాను తిట్టుకున్నాడు. అక్కడ మల్లికార్జున్ నవ్వుకుంటూ ఉంటాడని కూడా అనుకున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఆమె ఏమీ అడగలేదు. అతని ముఖం వైపు కూడా చూడటం లేదు, తడిక సందులోంచి తల బయటికి పెట్టిన గొర్రెపిల్లను లోపలికి నెడుతోంది. దయగల మనిషినని ఒక ఇంట్లోనైనా అనుకుంటున్నారు, అట్లాగే ఉండనిస్తే ఎవరికేం నష్టం? కానీ పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది.

"అది నేను కావాల్నని ఏసింది కాదు చెల్లె," అన్నాడు. "జీఎస్టీ కలిపి కొట్టిన, తప్పు పడ్డది. మల్లికార్జున్ పోయిన సంగతే నాకు తెల్వదు. ఇయ్యాల పొద్దుగాల దాక తెల్వదు. ఆయననే ఏస్తున్నడనుకున్న."

త్రివేణి చేయి తడిక మీదే ఆగిపోయింది.

"తెల్వదా," అంది మెల్లగా. గొర్రెపిల్లను లోపలికి నెట్టి, తడిక సరిచేసి మళ్లీ అంది. "బిడ్డు ఏసినప్పుడల్ల అనుకునేదాన్ని, అవుతల అన్న ఉన్నడు, మనల్ని ఒక కంట చూస్తున్నడు అని."

ఆమె లేచి చేతుల దుమ్ము దులుపుకుంది. "తెల్వకనే పాయె. ఫీజులైతే కట్టినం గద," అని టీ పెట్టడానికి లోపలికి పోయింది. లోపల చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించలేదు.

టీ తెచ్చి ఇచ్చాక ఇద్దరూ పిల్లల గురించి మాట్లాడుకున్నారు. పెద్దది నర్సింగ్ చదువుతోందట. స్వర్ణ నర్సే కదా, ఏదైనా కావాలంటే అడగమన్నాడు. సరేనంది. గ్లాసు కింద పెట్టి, ఇక ఆగలేక, ఆ రాత్రి పంపుహౌసులో మల్లికార్జున్‌ను నిద్ర లేపి అడగాల్సిందని, అడగకుండా నలుగురిలో పరువు తీశానని, అది తన తప్పేనని చెప్పాడు. పదేళ్లుగా దాచుకున్న మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి.

త్రివేణి అంతా విన్నది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఆయనకు చెప్పాల్సిన మాట నాకు చెప్తే నేనేం జేసుకోను అన్నా."

మళ్లీ టెండర్లు వేస్తే సాయం చేస్తానన్నాడు. వద్దంది. బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం తన వల్ల కాదని, గొర్ల మీద బాగానే గడుస్తోందని చెప్పింది. ఆ పుస్తకాల్లో ఒక్కటి అడగాలని అతనికి గట్టిగా అనిపించింది. అడగలేదు. ఆమె వాటిని సర్ది సంచిలో పెట్టి, మూతి ముడేసి లోపలికి తీసుకుపోయింది. వెళ్లేటప్పుడు వాకిలి దాకా వచ్చి, జర పైలంగా పో అని చెప్పి, దొడ్డి వైపు తిరిగింది.

దేవరకద్ర దాటాక ఫోన్ మోగింది. అంజన్న. కొత్త స్టార్టర్ బిగించారని, రెండో మోటారు నడుస్తోందని, పై పల్లెల ట్యాంకుకు నీళ్లు ఎక్కుతున్నాయని చెప్పాడు. మంచిదన్నాడు ప్రేమ్‌సాగర్. బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఎండ తగ్గింది. జొన్న చేను గట్టు మీద ఎవరో సైకిల్ నడిపించుకుంటూ పోతున్నారు. కాసేపు ఫోన్ చేతిలో పట్టుకొని కూర్చుని, స్వర్ణకు చేశాడు.

ఆమె డ్యూటీలో ఉంది. ఈ వేళప్పుడు చేశాడని కంగారు పడి, ఏమైందని అడిగింది.

"ఏం లేదు. మక్తల్‌ల మోటరు నడిచిందంట."

"ఏ మోటరు?"

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు. నల్గొండ ఐటీఐ నుంచి చెప్పాలా, కేబుల్ డ్రమ్ముల నుంచి చెప్పాలా అని వెతుక్కుంటుండగానే అవతల వార్డులో ఎవరో ఆమెను పిలిచారు. రాత్రికి చేస్తానంది. సరే, పని చూసుకో అన్నాడు.

ఫోన్ పక్క సీటు మీద పెట్టి బండి స్టార్ట్ చేశాడు. నార్కట్‌పల్లి ఇంకా రెండు వందల కిలోమీటర్ల దాకా ఉంది.